ఒక్క గుంజుడు

ఆ రోజు పొద్దున నేను చేయవలసిన పనులు ఇవి. యంత్రం తలకట్టుకు ఉన్న వెండి బిళ్ళలను ఉప్పునీటితో తుడవాలి. గదిలో ఏసీ తగ్గించాలి, చలికి చర్మం బిగుసుకుంటే చెమట లెక్క తప్పుతుంది. అక్కకు పొద్దున టీ తాగవద్దని ఫోన్ చేసి చెప్పాలి. చెప్పినా తాగుతుంది కాబట్టి బావకు కూడా చెప్పాలి. గజ్జెల చప్పుడు రికార్డింగును యంత్రంలోకి ఎక్కించాలి. అక్క చిన్నబిడ్డ మన్వితను ఎవరైనా ఎత్తుకుని బయట చెట్ల కింద తిప్పాలి, దాని గొంతు లోపలికి వినిపించకూడదు. అంగీకార పత్రాన్ని అక్కకు తెలుగులో చదివి వినిపించాలి.

ఇవన్నీ చేశాను. ఒక్కటీ మరచిపోలేదు. ఆ తర్వాత జరిగినది ఏదో పని ఎగ్గొట్టడం వల్ల జరిగినది కాదు. అన్నీ సరిగ్గా చేయడం వల్లనే జరిగింది. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది ఇదే.

నేను హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో, మనస్తత్వశాస్త్ర విభాగం ప్రయోగశాలలో సహాయకురాలిని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదలు. అండాలు అక్క ఏడో తరగతిలో బడి మానేసింది. అమ్మ కూలికి పోతే నన్ను చంకనేసుకుని తిరగడానికి ఇంట్లో ఒకరు కావాలి కదా. "నువ్వు పుట్టకపోతే నేను గూడ టీచరమ్మనైతుంటి," అని ఇప్పటికీ నవ్వుతూ దెప్పుతుంది. మాది నారాయణపేట దిక్కు. పెళ్ళయ్యాక అక్కా, బావ కుర్మయ్యా పట్నం వచ్చి నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో ఉంటున్నారు. బావ వాచ్‌మన్. అక్క ఆ అపార్ట్‌మెంటు వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తుంది.

వాళ్ళ పెద్దబిడ్డ శ్రీనిక ఆ సెల్లారులోని నీళ్ళ సంపులో పడి చనిపోయింది. ట్యాంకరు వాళ్ళు మూత తీసి మళ్ళీ వేయలేదు. గజ్జెల చప్పుడు ఆగిపోయిందని అక్కే ముందుగా గమనించి, వెతికి, తనే దిగి, తనే పైకి తీసింది.

మన్విత పుట్టాక అక్క అత్తగారు ఊరి నుంచి వచ్చి, శ్రీనిక గజ్జెలు కడిగి పసిపిల్ల కాళ్ళకు తొడిగింది. మా దిక్కు కొన్ని ఇళ్ళలో అది పద్ధతి. పోయిన పిల్ల సొమ్ము తర్వాత పుట్టిన పిల్లకే వేస్తారు. పోయినదే మళ్ళీ వచ్చిందని నమ్మకం. ఎవరూ తప్పుపట్టలేదు. మన్విత నడక నేర్చేదాకా ఏ ఇబ్బందీ రాలేదు కూడా.

అది నడవడం మొదలుపెట్టాక అక్క బతుకు నరకమైంది. గజ్జెలు ఘల్లుమంటే చాలు, ఇస్త్రీ పెట్టె ఎక్కడిదక్కడ వదిలేసి సంపు దగ్గరికి పరుగెత్తేది. పిల్ల మంచం మీద ఆడుకుంటున్నా సంపు దగ్గరికే పోయేది. చెమటలు పట్టి, నోట మాట రాక, మూత మీద బోర్లా పడుకునేది. గజ్జెలు తీసేసి చూశాం. అప్పుడు చప్పుడు లేదని ఇంకా భయపడింది, తనే మళ్ళీ తొడిగింది. ఒక ఆదివారం నేను పోయేసరికి మన్విత కాలును పాత చీర పేలికతో మంచం కోడుకు కట్టేసి ఉంది. చీలమండ చుట్టూ చర్మం కమిలిపోయింది.

"ఇదేందక్కా?"

"మరి నన్నేం జెయ్యమంటవ్?" అంది అక్క. "అది నడిస్తే నేను సస్తున్న. కట్టేస్తే అది సస్తున్నది. పెద్ద సదువు సదివినవ్ గదా, నువ్వే జెప్పు."

చెప్పడానికి నా దగ్గర నిజంగానే ఒకటి ఉంది. మా ప్రయోగశాలలో డాక్టర్ పినాకపాణి సార్ తయారుచేసిన యంత్రం. కాగితాల మీద దాని పేరు సడలిక. ఏదైనా చప్పుడు వినగానే ఒంట్లో భయం లేస్తుంది కదా, ఆ లేచే క్షణంలో ఆ చప్పుడుకూ ఆ భయానికీ మధ్య ఉన్న ముడి కాసేపు మెత్తబడుతుంది. సరిగ్గా అప్పుడు తలకట్టు లోంచి సన్నని విద్యుత్తు పంపితే ముడి ఊడుతుంది. అంతకు ముందు నెలలో, కుక్క కరిచిన కొరియర్ ఆయన ఒకరు వచ్చారు. మొరుగుడు వినిపిస్తే గోడకు అతుక్కుపోయే మనిషి. బయటికి పోయేటప్పుడు అదే మొరుగుడు పెద్దగా పెట్టి వినిపిస్తుంటే మిరపకాయ బజ్జీ తింటూ కూర్చున్నాడు. "కుక్క కరిచిన సంగతి గుర్తుందా?" అని అడిగితే, "ఎందుకు లేదండీ, పిక్క మీద గాటు కూడా ఉంది, చూస్తారా?" అని ప్యాంటు పైకి లాగబోయాడు. జ్ఞాపకం చెక్కుచెదరలేదు. భయం ఒక్కటే పోయింది.

అక్క సంగతి చెబితే సార్ వెంటనే ఒప్పుకున్నారు. మామూలు గజ్జెల చప్పుడు పనికిరాదు, ఆ పిల్ల కాళ్ళ చప్పుడే కావాలన్నారు. రికార్డింగు నేనే చేశాను. సెల్లారులో ఒక చివర అక్క నిలబడితే, రెండో చివర నుంచి మన్విత పరుగెత్తుకొచ్చింది. గజ్జెలు మోగాయి. సగం దూరంలో "అమ్మా!" అని కేకేసి, వచ్చి అక్క కాళ్ళను చుట్టుకుంది.

విభాగంలో రోగులను చూసే ఫర్హానా మేడం ఆ రికార్డింగు విని చెవుల మీద నుంచి హెడ్‌ఫోన్ తీశారు. "ఇందులో 'అమ్మా' అని ఉంది సార్. అది కత్తిరించండి. మనకు గజ్జెలు చాలు."

"కత్తిరించి కూడా ఆమెకు వినిపించి చూశానండీ," అన్నారు సార్. "ఆ పిలుపు ఉన్నప్పుడు తెర మీద గీత ఇంకా పైకి లేస్తోంది. ఎక్కువ లేచిన చోటే ముడి గట్టిగా ఉన్నట్టు."

"అది భయమేనని ఎలా అనుకుంటున్నారు?"

"గుండె వేగం, చెమట, ఊపిరి. భయానికి ఉండే గుర్తులన్నీ ఉన్నాయి."

"ప్రేమకు కూడా అవే ఉంటాయి కదా."

"ప్రేమను నేనెప్పుడూ చూడలేదు మేడం. గీతనే చూశాను."

గదిలో ఉన్నవాళ్ళం నవ్వాం. మాట చమత్కారంగా ఉంది మరి. ఫర్హానా మేడం మాత్రం నవ్వలేదు. వాళ్ళిద్దరికీ ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. బయటికి కనిపించేదాన్ని కొలిస్తేనే శాస్త్రమని ఆయనంటారు. లోపల ఏమవుతోందో మనిషిని అడగకుండా కొలిస్తే అది సగమేనని ఆవిడంటారు. మొదటి సంవత్సరం పిల్లలకు ఇద్దరూ ఇవే పాఠాలు చెబుతారు, పరీక్షలో రెండింటికీ మార్కులు పడతాయి.

అంగీకార పత్రం చదివి వినిపిస్తుంటే అక్క మధ్యలో ఆపింది. "శ్రీనిక యాదికుంటదా?"

"ఉంటదక్కా. యాదికి ఏం గాదు."

"గంతే జాలు. కట్టుండ్రి."

రికార్డింగు మోగింది. తెర మీద గీత నిటారుగా లేచింది. అక్క కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. యంత్రం గుయ్‌మంది. మళ్ళీ మోగింది, గీత కొంచెం తక్కువ లేచింది. అలా మోగిస్తూ పోయాం. చివరికి గజ్జెలు మోగినా, "అమ్మా" అని వినిపించినా తెర మీద ఏమీ లేవలేదు. సార్ నా భుజం తట్టారు.

"అయిపాయెనా?" అంది అక్క. "ఇగ టీ తాగొచ్చా?"

ఆ సాయంత్రమే మంచం కోడుకున్న పేలిక విప్పేసింది. ఆ వారమంతా బావ ఫోన్ చేసి మురిసిపోయాడు. "మీ అక్క కడుపునిండ తింటున్నది మరదలా. పని జేస్కుంట పాట గూడ పాడుతున్నది. గొంతు మాత్రం మారలే, గట్లనే ఉంది." వెనక నుంచి అక్క తిట్టడం వినిపించింది. నేను ఆఫీసు గదిలో ఉన్నానని కూడా చూడకుండా ఏడ్చేశాను. చదివిన చదువు మా ఇంటికి పనికొచ్చింది అనుకున్నాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాను. అక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేస్తోంది, నేను మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. బొగ్గుల పెట్టెను పక్కనున్న ఇటుక మీద దించి అక్క చొక్కా తిప్పుతోంది. మన్విత వచ్చి ఆ పెట్టెను అరచేత్తో పట్టుకుంది.

"అమ్మా!" అన్న ఆ కేకకు బట్టలన్నీ తన్నేసి లేచాను. అక్క నాకన్నా దగ్గరగా ఉంది, చెయ్యి చాస్తే పిల్ల అందుతుంది. అక్క తలెత్తి చూసింది.

"అగో, కాలినట్టుంది. నల్లా కింద వెట్టు చెల్లె," అంది. చొక్కా రెండో చెయ్యి బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె అందుకుంది.

నేను పిల్లను ఎత్తుకుని నల్లా దగ్గరికి పరుగెత్తాను. నీళ్ళ కింద ఆ చిన్న చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి అరిచాను. "అక్కా! నీ బిడ్డనే అక్కా!"

"తెల్సు. అరుస్తవెందుకు?"

అని, ఆగిపోయింది. చేతిలో ఉన్న పెట్టెను చూసుకుంది. నా చంకలో ఎక్కిళ్ళు పెడుతున్న పిల్లను చూసింది. చొక్కా మీద పొగ లేస్తోంది. పెట్టె తీయాలని కూడా తోచలేదు అక్కకు.

"చెల్లె," అంది. "ఇది ఏడుస్తుంటే నాకేమైతలేదు. ఎందుకైతలేదు?"

నేనే వచ్చి పెట్టెను చొక్కా మీద నుంచి తీసి ఇటుక మీద పెట్టాను.

"అది నా బిడ్డ అని తెల్సు. కాలితే నీళ్ళు వెట్టాలె అని తెల్సు. కానీ తెల్సుడు వేరే, గుంజుడు వేరే. ఇంతకుముందు ఇది కుయ్యిమంటే లోపల ఎవరో తాడేసి గుంజినట్టుండె. గిప్పుడు తాడే లేదు." గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "నన్నేం జేసిండ్రు చెల్లె?"

మరునాడు పొద్దున్నే అక్కను ప్రయోగశాలకు తీసుకెళ్ళాను. సార్ తలకట్టు పెట్టి, పిలుపు వినిపించి చూశారు. గీత కదల్లేదు. పిల్లను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. కదల్లేదు. కట్టు కట్టిన ఆ చేతిని అక్క చేతిలో పెట్టారు. కదల్లేదు. సార్ తీగలన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టి చూశారు.

"తల్లిప్రేమ కూడా నేర్చుకున్నదే," అన్నారు, ఎవరివైపూ చూడకుండా. "నేర్చుకున్నదైతే మళ్ళీ నేర్పవచ్చు."

"పుట్టుకతో వచ్చినది కాదా?" అన్నారు ఫర్హానా మేడం. "పసిపిల్ల ఏడుపుకు ఒళ్ళు కదలడం ఎవరు నేర్పారు సార్ ఆమెకు?"

"పుట్టుకతో వచ్చినదైతే మన యంత్రానికి ఊడేది కాదు కదా."

"రెండూ కలిసి పెరిగాయేమో! ఎక్కడ ఏది ఆగుతుందో మీకు తెలుసా, నాకు తెలుసా?"

"నేను గీడనే ఉన్న," అంది అక్క.

ఇద్దరూ అక్క వైపు తిరిగారు.

"పుట్టుకతోని వచ్చిందో, నేర్సుకున్నదో, మీరు తర్వాత కొట్లాడుండ్రి. మళ్ళొస్తదా రాదా, గది జెప్పుండ్రి."

కొంతకాలం పిల్లతో మామూలుగా గడిపితే మెల్లగా మొలకెత్తవచ్చని ఫర్హానా మేడం అన్నారు. కొంతకాలమంటే ఎంతో ఆవిడకూ తెలియదు. నెలలో, ఏళ్ళో. అక్క సరేనంది. పనిలో చేరినట్టు చేరింది. లేచి తల దువ్వడం, అన్నం పెట్టడం, ఒళ్ళో పడుకోబెట్టుకోవడం, ఏదీ తప్పించలేదు. ఒక రోజు మాకు చూపించడానికి పిల్లను తీసుకొచ్చినప్పుడు వరండా మెట్ల మీద మన్విత జారి పడింది. మోకాలు చీరుకుపోయింది. నోరు తెరిచింది. అక్క వైపు చూసింది. నోరు మూసేసుకుంది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని తనే లేచి గోడ పట్టుకుని నడిచింది.

సార్ నా పక్కనే నిలబడి ఉన్నారు. "పిలిచినా ఫలితం లేదని అది కూడా నేర్చుకుంటోంది," అన్నారు. ఎన్నో తరగతుల్లో పిల్లలకు చెప్పిన పాఠమే అది. నల్లబల్ల మీద గీత మెల్లగా కిందికి దిగే బొమ్మ. ఆ బొమ్మకు కాళ్ళూ చేతులూ వచ్చి మా ముందే గోడ పట్టుకుని నడుస్తోంది.

అక్క కూడా చూసింది. "ఇగ ఆగుడు గాదు సారు," అంది. "ఏం జేస్తరో జెయ్యుండ్రి."

అప్పుడు సార్ ఉన్న దారి చెప్పారు. ముడిని గాలిలో కట్టలేం. అక్క లోపల ఎక్కడో ఒక చోట బలమైన గుంజుడు మిగిలి ఉండాలి. దాన్ని అక్కడి నుంచి ఊడదీసి ఈ పిలుపుకు కట్టవచ్చు. దానికోసం రెండు రోజులు వెతికాం. బావ ఫోటో, అమ్మ గొంతు, పుట్టింటి వాకిలి, నా పేరు. అన్నింటికీ గీత కొంచెం లేచి పడిపోయింది. నా పేరుకు ఎంత లేస్తుందోనని చూసిన నా మనసును ఇప్పుడు తలచుకుంటే సిగ్గనిపిస్తుంది. చివరికి ఫర్హానా మేడం అక్క చెయ్యి పట్టుకుని, శ్రీనికను నీళ్ళలోంచి తీసి గుండెకు హత్తుకున్న క్షణం గుర్తు చేసుకోమన్నారు. చప్పుడు లేదు, గజ్జెలు లేవు. గీత తెర పై అంచు దాటిపోయింది.



"గది ఉంది గదా," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "దాన్నే దీనికి కట్టుండ్రి."

"అమ్మా," సార్ ఆమెను అలా పిలవడం అదే మొదలు. "అక్కడ ఊడుతుంది. మీకు జరిగిందంతా గుర్తుంటుంది. పిల్ల పేరు, మొహం, అన్నీ. కానీ..."

"పక్కింట్ల పిల్ల లెక్క యాదికుంటది," అంది అక్క. "గంతే గదా?"

సార్ తల దించుకున్నారు.

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. ఇంకొన్నాళ్ళు చూద్దామన్నాను. శ్రీనికను ఇలా రెండోసారి పోగొట్టుకోవద్దన్నాను. బావ గోడ వైపు తిరిగి నిలబడి, "నువ్వెట్లంటే గట్ల," అని మాత్రం అన్నాడు.

"పెద్దది నన్నిప్పుడు పిలుస్తలేదు చెల్లె," అంది అక్క. "చిన్నది పిలిచి పిలిచి ఊకుంటున్నది. ఎవరి దిక్కు తిరగాలె నేను?"

 

లోపలికి పోయే ముందు అక్క నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టుకుని శ్రీనిక గురించి చెప్పింది. నాకు తెలిసినవీ తెలియనివీ అన్నీ చెప్పింది. నవ్వుతూ చెప్పింది, ఏడుస్తూ చెప్పింది, మధ్యలో "ఇంటున్నవా?" అని నా చెంప మీద కొట్టింది. "లోపలికి పొయినంక నాకు ఇవి ఉత్త ముచ్చట్లయితయి. నువ్వైతే ఏడ్సుకుంట యాది జేస్కో. ఒక్కరన్న ఏడ్వాలె దానికి."

ఈసారి రికార్డింగును ఫర్హానా మేడం కత్తిరించారు. గజ్జెలు లేవు, ఒక్క పిలుపే. యంత్రం గుయ్‌మంది. తెర మీద ఒక గీత పడిపోతూ వచ్చింది, ఇంకో గీత లేస్తూ వచ్చింది. నేను రెండింటినీ చూడలేక నేలను చూశాను.

తలకట్టు తీసేసరికి బయట చెట్ల కింద నుంచి మన్విత ఏదో అంది. "అమ్మా" అని కూడా కాదు, ఊరికే ఏదో కూసింది. అక్క కుర్చీని పడేసి, తలుపును భుజంతో తోసి, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. సంపు వైపు కాదు, పిల్ల వైపు. మేము కిటికీలోంచి చూశాం. దాన్ని ఎత్తుకుని, కాలిన అరచేతిని మొహానికి అద్దుకుని, గొంతు చించుకుని ఏడుస్తోంది. పిల్ల మొదట బిత్తరపోయింది. తర్వాత అక్క జుట్టు రెండు చేతులా పట్టుకుని, ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఫర్హానా మేడం కూలబడి ఏడ్చారు. సార్ తెర ఆపేశారు. యంత్రాన్ని ఆ రోజే విప్పి పెట్టెలో పెట్టించారు. మళ్ళీ తీయలేదు.

వారం తర్వాత సెల్లారుకు వెళ్ళాను. మన్విత అక్క వీపు మీద ఉప్పుమూట ఎక్కి ఉంది. అక్క మొహం కళకళలాడుతోంది. నాకు చాయ్ పోసిచ్చింది. ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, శ్రీనిక..."

"పెద్దపిల్ల గదా," అంది అక్క, మన్విత ముక్కు తుడుస్తూ. "నీళ్ళల్ల పడి పొయింది. పాపం." మర్యాదగా, ఎవరింటి చావుకో పరామర్శకు పోయినప్పుడు ఊపినట్టు తల ఊపింది. "చాయ్‌ల చక్కెర సరిపొయిందా?"

నా చేతిలో గ్లాసు ఒలికింది. అక్క గబగబా గుడ్డ తెచ్చి నా చెయ్యి తుడిచింది, కాలిందేమోనని ఊదింది. అక్క మంచిదే. అక్క ఎప్పటి అక్కే. మన్వితకు అమ్మ ఉంది. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

కానీ ఆ పెద్దపిల్లకు ఇప్పుడు ఏడ్చేవాళ్ళు లేరు. బావ మనసు ఎటో నాకు తెలియదు, ఆయన మాట్లాడడు. నేను ఒక్కదాన్నే ఎంతకాలం మోస్తానో నాకే నమ్మకం లేదు. అందుకే ఇది రాసి మీకు చెబుతున్నాను.

ఆమె పేరు శ్రీనిక. నాలుగో ఏడు నడుస్తుండగా పోయింది. "ర" పలికేది కాదు, రొట్టెను లొట్టె అనేది. బట్టలకు పెట్టే గంజిలో ఉప్పేసుకుని తాగేది. అపార్ట్‌మెంటులో ప్రతి గుమ్మం ముందు చెల్లాచెదురుగా ఉన్న చెప్పులను జతలు జతలుగా పెట్టి వచ్చేది, ఒక్కోసారి ఈ ఇంటివి ఆ ఇంటి ముందు పెట్టి తిట్లు తినేది. అప్పుడే ఇస్త్రీ చేసిన వెచ్చని బట్టల కుప్ప మీదనే నిద్రపోయేది. ఎవరి చొక్కా మీదనో చొంగ కారితే, అక్క ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఉతికి ఇస్త్రీ చేసేది. ఎడమ మోకాలి వెనక ఒక పుట్టుమచ్చ ఉండేది. మీరు ఆమెను చూడలేదు, మీకు ఆమె ఏమీ కాదు. అయినా అడుగుతున్నాను. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి. గుర్తుకొచ్చినప్పుడు లోపల కాస్త గుంజితే, గుంజనివ్వండి.